పెద్ద ఆర్‌వీ నడపడం నేర్చుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ, వేసవి సెలవులకో అమ్మానాన్నలు వచ్చినప్పుడో 25 నుంచి 35 అడుగుల మోటర్‌హోమ్ (ఆర్‌వీ, అంటే లోపలే పడకలూ వంటిల్లూ ఉన్న బండి) అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాల కోసం ఈ పేజీ. సొంతంగా కొనుక్కున్నవాళ్ళకు పనికొచ్చే ప్రశ్నలు కూడా మధ్యలో ఉన్నాయి. నీళ్ళ ట్యాంకులు, జనరేటర్ల సంగతి ఇక్కడ లేదు. బండి నడపడం గురించి మాత్రమే.

మామూలు కారు లైసెన్సు సరిపోతుందా?

అద్దెకు దొరికే వాటిలో దాదాపు అన్నిటికీ సరిపోతుంది. డ్రైవరు క్యాబిన్ మీద పడక ఉండే క్లాస్ సి బళ్ళు ఎక్కువగా ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కడతారు. దాని జీవీడబ్ల్యూఆర్ 14,500 పౌండ్లు. అంటే మనుషులు, నీళ్ళు, సామాను అన్నీ కలిపి బండి అంతకు మించి తూగకూడదు. లైసెన్సు విషయంలో చాలా రాష్ట్రాలు గీత గీసేది 26,000 పౌండ్ల దగ్గర. అది దాటితే టెక్సస్‌లో నాన్ కమర్షియల్ క్లాస్ బి లైసెన్సు కావాలి. న్యూయార్క్‌లో మామూలు లైసెన్సు మీద 'ఆర్' ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. కాలిఫోర్నియా పొడవు కూడా చూస్తుంది: 40 అడుగులు దాటి 45 అడుగుల వరకు ఉన్న మోటర్‌హోమ్‌కు నాన్ కమర్షియల్ క్లాస్ బి తప్పనిసరి.

ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు కాసేపు నడపొచ్చా?

అద్దె కాంట్రాక్టులో ఆయన పేరు రాయించి, ఇండియా లైసెన్సుకు ఆ కంపెనీ ఒప్పుకుంటేనే. పేరు లేని మనిషి నడుపుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు మీద ఆశ వదులుకోవాల్సిందే. మీ కారు పాలసీ అద్దె మోటర్‌హోమ్‌కు వర్తిస్తుందని కూడా అనుకోకండి. బుక్ చేసే ముందే ఫోన్ చేసి అడగండి.

ఏళ్ళ తరబడి పెద్ద ఎస్‌యూవీ నడుపుతున్నాం. దీనికి మళ్ళీ శిక్షణ ఎందుకు?

చాలామంది హైవేకి భయపడతారు. నిజానికి కొత్తవాళ్ళు బండికి గీతలు పడేలా చేసుకునేది గ్యాస్ స్టేషన్లో, క్యాంప్‌గ్రౌండ్‌లో, రెస్టారెంట్ పార్కింగ్‌లో, గంటకు 5 మైళ్ళ వేగంలో. కొలతలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. బాడీ వెడల్పు 8 అడుగుల 6 అంగుళాల దాకా ఉంటుంది, అద్దాలు కలిపితే 10 అడుగులకు దగ్గర పడుతుంది. ఇంటర్‌స్టేట్ లేన్ 12 అడుగులు. అంటే రెండు పక్కలా మిగిలేది అడుగు చొప్పున. పాత రెండు లేన్ల రోడ్డు మీద అదీ ఉండదు. వెనక చక్రాలకు అవతల ఇంకో 10 అడుగుల బాడీ గాల్లో వేలాడుతుంటుంది. నేర్చుకోవాల్సిందంతా ఆ వెనక చక్రాలూ ఆ తోకా ఏ క్షణంలో ఎక్కడున్నాయో తెలుసుకోవడమే. బండి అప్పగించేటప్పుడు అద్దె కంపెనీ చూపించేది టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడం, గ్యాస్ పొయ్యి వెలిగించడం. దాన్ని శిక్షణ అనుకోవద్దు.

ఎక్కడ, ఎలా నేర్చుకోవాలి?

మీ బండిలోనే పక్కన కూర్చుని నేర్పే ఆర్‌వీ ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు. ఆర్‌వీ వాళ్ళ సంఘమైన ఎస్కేపీస్ క్లబ్ బూట్ క్యాంపులు నడుపుతుంది. సొంత బండి కొన్నవాళ్ళకు, అందులోనూ 35 అడుగులు దాటిన డీజిల్ బండి అయితే, ఆ డబ్బు దండగ కాదు. వారం రోజుల అద్దె బండికి మాత్రం ఖాళీ పార్కింగ్ లాట్‌లో పూట సరిపోతుంది. ఆదివారం పొద్దున్నే చర్చి లాట్ వద్దు. బడి లేదా ఆఫీసు లాట్ చూసుకుని అనుమతి అడగండి. కావాల్సినవి: 8 ప్లాస్టిక్ కోన్లు, సుద్దముక్క, 25 అడుగుల టేపు, నడపబోయే ఇద్దరూ. ఒకరు నేర్చుకుని రెండోవారు నిద్రపోతే ప్రయాణం మధ్యలో మార్చుకునే వీలుండదు.

క్రమం ఇది: ముందు అద్దాలు, తర్వాత తోక కొలత, కుడి మలుపు, రివర్స్, చివర్న గట్టి బ్రేకు. రోడ్డెక్కేది ఆ తర్వాతే.

అద్దాలు ఎలా సర్దుకోవాలి?

ప్రతి పక్కా రెండు ఉంటాయి: పైన చదునైనది, కింద ఉబ్బెత్తుది. చదునైన అద్దంలో లోపలి అంచున బండి పక్క భాగం సన్నగా కనబడాలి, మిగతాదంతా వెనక రోడ్డు. ఉబ్బెత్తు అద్దంలో వెనక చక్రం నేలకు ఆనే చోటు కచ్చితంగా కనబడాలి. ఆ చోటు కనబడకపోతే మలుపులన్నీ గుడ్డిగా తిప్పుతున్నట్టే. సీటు సర్దుకున్నాకే అద్దాలు ముట్టుకోండి. డ్రైవరు మారినప్పుడల్లా మళ్ళీ సర్దాలి.

బండి ఎప్పుడూ కుడి గీత మీదికే పోతోంది. ఎందుకు?

కారులో మీ శరీరం లేన్‌లో ఎక్కడుంటుందో కళ్ళకు అలవాటైపోయింది. ఈ బండిలో డ్రైవరు సీటు బండి నడిమధ్య నుంచి ఇంకా ఎడమకు జరిగి ఉంటుంది. శరీరాన్ని పాత చోటనే ఉంచితే బండి కుడికి పోతుంది. ఎడమ గీతకు కొంచెం దగ్గరగా కూర్చున్నట్టు అనిపించడమే సరైన స్థానం. చూపు 12–15 సెకన్ల ముందున్న రోడ్డు మీద ఉంచి, మధ్యమధ్య రెండు అద్దాల్లో గీతలకూ చక్రాలకూ మధ్య జాగా సమానంగా ఉందో లేదో చూసుకోండి. ఇండియాలో కుడి వైపు కూర్చుని నేర్చుకున్నవాళ్ళకు ఇది కుదరడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది.

తోక ఊగడం అంటే ఏమిటి? ఎంత ఊగుతుంది?

మీరు ఎడమకు తిప్పితే, వెనక చక్రాలకు అవతల ఉన్న బాడీ కుడికి వస్తుంది. కుడికి తిప్పితే ఎడమకు. కారులోనూ ఇది ఉంది, కానీ అక్కడ వేలాడే భాగం మూడడుగులే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మోటర్‌హోమ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ప్రతి 3 అడుగుల వేలాడే భాగానికి సుమారు 1 అడుగు బయటికి ఊగుతుందని లెక్క. వెనక ఇరుసు నుంచి బంపరు దాకా 10 అడుగులుంటే మూడడుగులకు పైనే. వెనక సైకిళ్ళ ర్యాక్ తగిలిస్తే ఆ పొడవు కూడా కలపాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

లెక్కను నమ్మకుండా మీ బండికి ఎంతో కొలవండి:

1. బండి కుడి పక్కను పార్కింగ్ గీతకు సరిగ్గా ఆనించి, చక్రాలు నేరుగా ఉంచి ఆపండి.
2. ఒకరు వెనక కుడి మూలకు 10 అడుగుల దూరంలో నిలబడాలి. బండికి దగ్గరగా కాదు.
3. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి నడక వేగంతో ముందుకు కదలండి.
4. వెనక మూల గీత దాటి ఎక్కువగా బయటికి వచ్చిన చోట డ్రైవరు ఆపాలి. బండి ఆగాకే రెండోవారు దగ్గరికి వెళ్ళి ఆ మూల కింద నేల మీద సుద్దతో గుర్తు పెట్టాలి.
5. గీత నుంచి గుర్తు దాకా కొలిచి, ఆ సంఖ్యను కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటించండి.

గ్యాస్ స్టేషన్లో జరిగేది ఇదే. గ్యాస్ మూత ఎడమ పక్కన ఉంటే పంపును ఎడమ పక్క పెట్టుకుని నింపుతారు, బయల్దేరుతూ వెంటనే కుడికి తిప్పుతారు. ముందు భాగం హాయిగా తప్పుకుంటుంది. తోక ఎడమకు ఊగి, పంపును కాపాడే పసుపు పచ్చ ఇనుప స్తంభానికి కొట్టుకుంటుంది. వెనక బంపరు కూడా ఆ స్తంభాలు దాటేదాకా నేరుగా వెళ్ళి, అప్పుడే తిప్పాలి. ముందుకు నేరుగా వెళ్ళే జాగా లేని పంపు దగ్గరికి అసలు వెళ్ళొద్దు. బయటి వరసలోని పంపు ఖాళీ అయ్యేదాకా ఆగడం చవక.

కుడి మలుపులో వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతోంది. ఏం చేయాలి?

మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం పెరిగేకొద్దీ ఈ కోత ఎక్కువ. అమెరికాలో ఇరుకు మలుపు కుడిది, మన ఊళ్ళలో ఎడమ మలుపు లాగా.

వేగం 5–10 మైళ్ళకు తగ్గించండి. కుడి అంచుకు మూడు నాలుగు అడుగుల దూరంలో, నేరుగా ముందుకు పోండి. క్లాస్ సి అయితే ఫుట్‌పాత్ మూల మీ భుజం దాటాక తిప్పడం మొదలుపెట్టండి. క్లాస్ ఏ బస్సులాంటిది, అందులో మీరు ముందు చక్రాలకంటే ముందు కూర్చుంటారు. అందుకే అడ్డరోడ్డులోకి చాలా దూరం వచ్చేసినట్టు అనిపించాక గానీ తిప్పకూడదు. తిప్పుతున్నంతసేపూ కుడి ఉబ్బెత్తు అద్దంలో వెనక చక్రాన్నే చూడండి. చక్రం మూలకు దగ్గర పడుతుంటే స్టీరింగ్ కొంచెం వదిలి, ఇంకా ముందుకు పోయి, మళ్ళీ తిప్పండి.

మలుపుకు ముందు ఎడమకు కోసి ఆ తర్వాత కుడికి తిప్పడం చాలామందికి సహజంగా వచ్చేస్తుంది. వద్దు. కుడి పక్కన ఖాళీ కనబడగానే వెనకున్న కారో సైకిలో అందులో దూరుతుంది. వెడల్పు కావాలంటే మలుపు చివర్న, అడ్డరోడ్డులో తీసుకోండి. రెండు ఎడమ మలుపు లేన్లుంటే కుడివైపు లేన్ మీది.

ముందు బండికి ఎంత దూరం పాటించాలి?

ట్రక్ డ్రైవర్ల లెక్కే పాటించండి: ప్రతి 10 అడుగుల పొడవుకు 1 సెకను, వేగం 40 మైళ్ళు దాటితే ఇంకో సెకను. 30 అడుగుల బండికి హైవే మీద 4 సెకన్లు. ఆ ఖాళీలో కార్లు దూరుతూనే ఉంటాయి. దూరనివ్వండి, మళ్ళీ వెనక్కి తగ్గండి.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు వాసన వచ్చింది. తప్పెక్కడ?

బ్రేకు మీద కాలు తీయకుండా తేలిగ్గా నొక్కి ఉంచడంలో. 14,000 పౌండ్ల బరువును మైళ్ళ కొద్దీ ఆపుతూ వస్తే ఆ శక్తంతా వేడిగా ప్యాడ్లలోకి, డిస్కుల్లోకి పోతుంది. ముందు వాసన, తర్వాత పొగ, ఆపైన ఎంత తొక్కినా పట్టు రాదు. బ్రేకు ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతుంది. అప్పుడిక చేయగలిగేది లేదు.

బే ఏరియా, లాస్ ఏంజెలెస్ మధ్య ఐ-5 మీద గ్రేప్‌వైన్ సుమారు 5 మైళ్ళ పాటు 6 శాతం వాలు. కొలరాడోలో ఐ-70 మీద 11,000 అడుగులకు పైనున్న ఐజన్‌హవర్ టన్నెల్ నుంచి సిల్వర్‌థోర్న్ వైపు సుమారు 7 శాతం. ఇలాంటి చోట్ల చేయాల్సింది:

వాలు మొదలు కాకముందే, శిఖరం మీదే, వేగం తగ్గించండి. గేర్ లివర్ మీది టో/హాల్ మీట నొక్కండి. బ్రేకు తాకగానే గేరు తనంతట అదే కిందికి దిగి ఇంజను బండిని పట్టుకుంటుంది. ఇంజను నిమిషానికి 4,000 తిప్పులకు ఎగబాకి గోల పెడుతుంది. కొత్తవాళ్ళు దానికి హడలిపోయి మీట తీసేస్తారు. తీయొద్దు, ఎర్ర గీత దాటనంతవరకు ఆ గోల మంచిదే. క్షేమంగా దిగగలిగే వేగం 40 అనుకుంటే, 40కి చేరగానే గట్టిగా బ్రేకు వేసి సుమారు 3 సెకన్లలో 35కి తేండి, కాలు పూర్తిగా తీసేయండి. మళ్ళీ 40 అయ్యేదాకా ఇంజనుకే వదిలి, మళ్ళీ అలాగే. వదిలిన ఆ సమయంలోనే బ్రేకులు చల్లబడతాయి. క్రూజ్ కంట్రోల్ ఆపేయండి. ఫ్లాషర్లు వేసుకుని ట్రక్కుల లేన్‌లో నిదానంగా దిగేవాణ్ణి ఎవరూ తప్పు పట్టరు.

బ్రేకులు పోతే ట్రక్కుల కోసం కట్టిన రన్‌అవే ర్యాంపు మీకూ పనికొస్తుంది. కంకరలో బండి కూరుకుపోతుంది, తీయించడానికి డబ్బవుతుంది, ప్రాణం ఉంటుంది.

ఎక్కేటప్పుడు వేరే కథ. పెట్రోలు ఇంజను ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. 10,000 అడుగుల దగ్గర మూడో వంతుకు కొంచెం తక్కువ పోయినట్టే. యాక్సిలరేటర్ నేలకు నొక్కినా బండి 35 దాటకపోతే రిపేరు ఏమీ లేదు. బే ఏరియా నుంచి హైవే 120 మీద యోసెమిటీ వెళ్ళేవాళ్ళు నిటారుగా ఉండే ఓల్డ్ ప్రీస్ట్ గ్రేడ్ రోడ్డు ఎక్కొద్దు. దూరం తక్కువని ఫోను అటే పంపుతుంది. పొడవైన న్యూ ప్రీస్ట్ గ్రేడ్ మీది దారి.

గాలికి బండి ఊగుతుంటే?

స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని వేగం తగ్గించండి. పెద్ద ట్రక్ దాటేటప్పుడు ముందు బయటికి నెడుతుంది, తర్వాత లోపలికి లాగుతుంది. చిన్న సవరింపు చాలు. ఎక్కువ తిప్పితేనే బండి పాములా ఊగడం మొదలవుతుంది. వయోమింగ్‌లో ఐ-80 మీద గాలి హెచ్చరిక బోర్డు వెలిగితే ఆ పూట ఆగిపోవడమే తెలివి.

వంతెన కింద పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

బండి ఎత్తు, కప్పు మీది ఏసీతో సహా, అడుగులు–అంగుళాల్లో కాగితం మీద రాసి కళ్ళెదుట అంటించండి. క్లాస్ సి 11–12 అడుగులు, క్లాస్ ఏ 12న్నర నుంచి 13న్నర దాకా ఉంటాయి. ఇంటర్‌స్టేట్‌ల మీద ఇబ్బంది లేదు. ఊళ్ళలో, పాత పార్క్‌వేల మీదే ఉంది. కనెక్టికట్‌లోని మెరిట్ పార్క్‌వే మీద 8 అడుగుల ఎత్తు మించకూడదు. నార్త్ కరోలినాలోని డర్హంలో గ్రెగ్‌సన్ వీధి రైలు వంతెన ఎన్నో ట్రక్కుల కప్పులు చీల్చింది. 2019లో దాన్ని 8 అంగుళాలు పైకెత్తి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. క్లాస్ ఏ దానికింద ఇప్పటికీ పట్టదు.

ఫోన్‌లోని మామూలు మ్యాపులు కారు కోసం దారి చూపిస్తాయి. ఎత్తు, పొడవు, బరువు నమోదు చేసుకునే ఆర్‌వీ జీపీఎస్ వాడండి.

గ్యాస్ సిలిండరు సంగతి కూడా ఉంది. న్యూజెర్సీ నుంచి వర్జీనియా వెళ్ళే దారిలో బాల్టిమోర్ హార్బర్ టన్నెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్ రెండింటిలోకీ 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండరుతో రానివ్వరు. మోటర్‌హోమ్‌లో ఉండేది అంతకంటే ఎక్కువే. 2024 మార్చి 26న ఐ-695 మీది కీ బ్రిడ్జి కూలిన తర్వాత తూర్పు పక్క దారి లేదు. ఐ-695 మీద పడమర పక్కగా ఊరు చుట్టి వెళ్ళాలి.

నేషనల్ పార్కుల్లో, గ్లేసియర్‌లోని గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద అవలాంచ్, రైజింగ్ సన్ మధ్య 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు మించిన బళ్ళకు ప్రవేశం లేదు. జయాన్‌లో 1930 నాటి మౌంట్ కార్మెల్ టన్నెల్ 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటిన వాటికి ఇరుకు. చాలా ఏళ్ళు 15 డాలర్ల పర్మిట్ ఇచ్చి, ఎదురు ట్రాఫిక్ ఆపి పంపేవారు. 2026 వేసవి నుంచి పెద్ద బళ్ళను వేరే దారికి మళ్ళించాలని పార్కు నిర్ణయించింది. బుక్ చేసే ముందు పార్కు వెబ్‌సైటు చూడండి.

బరువు మించిందని ఎలా తెలుసుకోవాలి?

మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో బండిలోని స్టిక్కరు మీద రాసి ఉంటుంది. మోటర్‌హోమ్‌లో నీళ్ళు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 330. ఆరుగురు మనుషులు, వారానికి సరిపడా బియ్యం, పచ్చళ్ళు, కుక్కర్లు, కోక్ కేసులు కలిపితే లెక్క ఎంత త్వరగా నిండుతుందో చూడండి. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది: ముందు ఇరుసు ఒక పలక మీద, వెనక ఇరుసు మరో పలక మీద వచ్చేలా ఆపి తూయించుకోవాలి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు పరిమితి దాటుతుంటుంది, ఎందుకంటే సామానంతా వెనక అరల్లోకే పోతుంది. బరువైనవి రెండు ఇరుసుల మధ్య, కింద పెట్టండి.

టైర్లలో చూడాల్సిందేమిటి?

ఈ-450 మీద సాధారణంగా ఎల్‌టీ 225/75 ఆర్16, లోడ్ రేంజ్ ఈ టైర్లుంటాయి. వాటి గరిష్ఠ గాలి 80 పీఎస్‌ఐ. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు చెబుతుంది. పొద్దున్న, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెనక జంట టైర్లలో లోపలిది చప్పబడినా బయటిది బరువు మోస్తూ నిలబెడుతుంది, కంటికి తెలియదు. కాలితో తన్ని చూడటం పనికిరాదు, గేజ్ పెట్టాల్సిందే. టైరు పక్క భాగం మీద ఉండే డీఓటీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 2319 అయితే 2019లో 23వ వారంలో తయారైనట్టు. అరుగుదల లేకపోయినా ఏడేళ్ళు దాటిన టైరుతో బండి తీసుకోవద్దు, మార్చమని అడగండి.

రివర్స్‌లో క్యాంప్ సైటులోకి పెట్టేటప్పుడు ఇంట్లో గొడవలవుతున్నాయి!

అందరివీ అవుతాయి. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ముందే అనుకోని సైగలు, ఇద్దరు ముగ్గురు ఒకేసారి అరవడం. ఒక్కరే సైగ చేయాలి. ఆ మనిషి డ్రైవరు పక్క వెనక మూల దగ్గర, ఎడమ అద్దంలో కనబడేలా నిలబడాలి. కనబడకపోతే డ్రైవరు వెంటనే ఆపాలి, ఇందులో మినహాయింపు లేదు. "ఇటు, అటు" అనొద్దు. బండి వెనక భాగం ఏ పక్కకు పోవాలో చేత్తో ఆ పక్క చూపండి. రెండు చేతులూ అడ్డంగా ఎత్తితే ఆగాలి.

డ్రైవరు ముందు దిగి సైటంతా నడిచి చూడాలి: కరెంటు పెట్టె, కుళాయి గొట్టం, రాతి బల్ల, తలపైన కొమ్మలు. వెనక కెమెరాలో కొమ్మలు కనబడవు. వీలైతే ఎడమ పక్కకు వెనక్కి తిరిగే సైటు ఎంచుకోండి, కిటికీలోంచి కళ్ళారా చూడొచ్చు. తేడా వస్తే ముందుకు లాగి మళ్ళీ మొదలుపెట్టండి. పొరపాటున ఉన్న కోణాన్ని వెనక్కి పోతూనే సరిచేయాలనుకుంటే ఇంకా చెడుతుంది.

వెనక కారు నాలుగు చక్రాల మీదా లాక్కొస్తున్నవాళ్ళు అసలు రివర్స్ చేయకూడదు. ఆ కారు ముందు చక్రాలు అడ్డంగా తిరిగి టో బార్ వంగిపోతుంది. ముందు కారు విప్పాలి.

డీజిల్ బండి కొన్నాం, ఎయిర్ బ్రేకులున్నాయి. కొత్తగా ఏం నేర్చుకోవాలి?

పెడల్ తొక్కాక గాలి చక్రం దాకా చేరడానికి అర సెకను పడుతుంది. 55 మైళ్ళ వేగంలో అది అదనంగా సుమారు 40 అడుగులు. రోజూ బయల్దేరే ముందు పరీక్ష: చక్రాలకు అడ్డు పెట్టి, గాలి నిండాక ఇంజను ఆపి, కీ ఆన్‌లో ఉంచి, పార్కింగ్ బ్రేకు వదలండి. పెడల్ తొక్కి పట్టుకుంటే నిమిషంలో 3 పీఎస్‌ఐ మించి తగ్గకూడదు. తర్వాత పెడల్ పదే పదే తొక్కి గాలి తగ్గించండి. 55–60 దగ్గర హెచ్చరిక మోగాలి. 20–45 మధ్య పార్కింగ్ బ్రేకు మీట తనంతట తనే బయటికి తన్నాలి. ఏ ఒక్కటి జరగకపోయినా కదలొద్దు.

నడుస్తుండగా లోపల తిరగొచ్చా? టీ పెట్టుకోవచ్చా?

లేదు. మంచం మీద పడుకోవడం కూడా వద్దు. సీటు బెల్టులు ఎన్నుంటే అంతమందే ఎక్కాలి, పడకల సంఖ్య చూసి కాదు. పిల్లల కారు సీటు ముందుకు తిరిగి ఉన్న సీటులోనే బిగించాలి, పక్కకు తిరిగిన సోఫాలో కాదు. స్టవ్ ఆర్పి, ప్రొపేన్ వాల్వు కట్టేసి బయల్దేరండి. పెద్దవాళ్ళ కోసం గంటన్నరకోసారి ఆగితే వాళ్ళకు లేవాల్సిన పని ఉండదు.

కదిలే ముందు ఏమేం చూసుకోవాలి?

బండి చుట్టూ ఒక్కరే, ఎప్పుడూ ఒకే దిశలో తిరగాలి: కరెంటు తీగ, నీళ్ళ పైపు, మురుగు పైపు, చక్రాల కింద అడ్డు, జాకీలు, మెట్టు, పందిరి, స్లైడ్ (బయటికి జరిగే గోడ), కప్పు మీది కిటికీలు, యాంటెనా. లోపల ఫ్రిజ్ గొళ్ళెం, అరల తలుపులు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటి నుంచి. సగంలో ఆగిన తనిఖీలోనే మెట్టు బయటే ఉండిపోతుంది.

రోజుకు ఎంత దూరం నడపొచ్చు?

ఆర్‌వీ వాళ్ళలో ఒక మాట ఉంది: 300 మైళ్ళు, లేదా మధ్యాహ్నం 3 గంటలు, ఏది ముందైతే అది. కారు మ్యాపు చూపే సమయానికి పాతిక శాతం కలుపుకోండి. కాలిఫోర్నియాలో వెనక ఏదైనా లాక్కెళ్తుంటే వేగం 55 మించకూడదు కాబట్టి ఇంకొంచెం కలపాలి. వెలుతురుండగా చేరితే కొమ్మలూ స్తంభాలూ కనబడతాయి. చీకటి పడి చేరితే, రాత్రికి ముందుకు దూసుకెళ్ళి ఆపుకునే పుల్-త్రూ సైటు అడగండి, రివర్స్ పొద్దున చూసుకోవచ్చు.